ఈ పేరు గలవారు ఇక్కడ లేరు

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ప్రపంచ పటం ఉంది. ఎక్కడో ఏదో మార్చిందట, ఏ దేశం పేరు ఆ దేశం వాళ్ళు పిలుచుకునేట్టే కనిపిస్తోంది.

"అమ్మమ్మా, జపానోళ్ళు జపాన్ అననే అనరట, నిహోన్ అంటరట. ఫిన్లాండోళ్ళకు వాళ్ళ దేశం సువోమి అట. జర్మనీ అయితే డోయిచ్‌లాండ్ అట. వాళ్ళ పేరు వాళ్ళకుండంగ మనమెందుకు వేరే పేరు పెట్టినం? వాళ్ళను అడిగి పెట్టినమా?"

నేను ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఇట్లాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని కాచుకుని కూర్చునే రకం. ఇంట్లోవాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు ఒకటుంటుంది. పొరుగువాళ్ళు తమకు మొదట ఏది ఎదురైతే దాన్నిబట్టి ఇంకో పేరు పెడతారు. వాళ్ళ నోట విన్న దూరపువాళ్ళు దాన్ని తమ నాలుకకు తగ్గట్టు తిప్పుకుంటారు. అందుకే ఒక్కో దేశానికి నాలుగైదు పేర్లుంటాయని చెప్పాను. పిల్ల తలూపి ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు ఇదే తంతు. ఈ పాఠం వచ్చినప్పుడల్లా గడగడా చెప్పేసి, పిల్లల వైపు తిరగకుండా బోర్డు తుడుస్తూ నిలబడేదాన్ని. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో దాచుకుని మాత్రం ఏం చేసుకుంటాను? రాసేస్తాను. ఇందులో ఎవరి పేర్లూ రాయను. పేర్ల విషయంలో నేను ఒకసారి చేసిన నిర్వాకం చాలు.

మా పుట్టిల్లు కోరుట్లలో, సాలెవాళ్ళ వాడలో. ముందు గదిలో తాత గుంటమగ్గం ఉండేది. దాని మీద నేత అప్పటికే తగ్గిపోయింది. అయినా తాత పొద్దున లేవగానే స్నానం చేసి ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. నూలుకు పట్టించిన గంజి వాసన ఆ గదిని ఎన్నడూ వదల్లేదు. మా బాపు, అంటే నాన్న, సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. కరెంటు మగ్గాలను మావైపు సాంచాలంటారు. వారానికొకసారి ఇంటికొచ్చేవాడు, వచ్చినా ఆ చప్పుడు చెవుల్లోనే ఉన్నట్టు గట్టిగట్టిగా మాట్లాడేవాడు. బాపు అన్న, అంటే మా పెద్దబాపు, దుబాయిలో ఉండేవాడు. నిజానికి ఆయన ఉన్నది దుబాయి కాదు, ఆ పక్క దేశం. కానీ మావైపు ఎవరు ఏ దేశం పోయినా దుబాయి పోయిండనే అంటారు. ఆ దేశాలకు వాటి పేర్లు వాటికున్నాయని ఎవరికీ పట్టలేదు.

ఇంట్లో ఆడవాళ్ళంతా బీడీలు చేసేవాళ్ళు. రాత్రి నానబెట్టిన తునికాకును పొద్దున కొలత రేకు పెట్టి కత్తిరించి, ఒళ్ళో చాట పెట్టుకుని, తంబాకు పోసి చుట్టి దారం కట్టేవాళ్ళు. తడి ఆకు వాసన, తంబాకు ఘాటు, పొయ్యి మీద మక్క గటక, అదే మొక్కజొన్న సంకటి, ఉడికే వాసన. ఈ మూడూ కలిసి వస్తే ఇప్పటికీ నాకు ఆకలేస్తుంది. మధ్యాహ్నం గటకలో పచ్చిపులుసు పోసుకుని అందరం అక్కడే, చాటల పక్కనే తినేవాళ్ళం. చేతులు ఎంత కడిగినా ముద్దలో కొంచెం తంబాకు చేదు ఉండేది. మాకు అదే అలవాటైపోయింది.

మా వాడలో కోడళ్ళకు పేర్లు ఉండేవి కావు. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరే పేరు. మా అమ్మ జగిత్యాలామె. ఎదురింటి ఆమె పెగడపల్లామె. మూలమీది ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఒకే ఊరి నుంచి వస్తే పెద్ద సిరిసిల్లామె, చిన్న సిరిసిల్లామె అయిపోయారు. మా పెద్దమ్మ, పెద్దబాపు భార్య, మల్లాపూర్ నుంచి వచ్చింది. అందరికీ మల్లాపూరామె, నాకు మల్లాపూర్ పెద్దమ్మ. నానమ్మ అయితే పెరట్లోంచి "ఓ మల్లాపూర్!" అని ఊరినే పిలిచినట్టు పిలిచేది. పెద్దబాపు ఇంట్లో ఉన్న రోజుల్లో "ఇగో", "ఇన్నవా" అనేవాడు తప్ప పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. పెద్దవాళ్ళ ముందు పెళ్ళాం పేరు ఎత్తడం అప్పట్లో సిగ్గుమాలిన పని.

పెద్దమ్మ చుట్టిన బీడీలు కూడా నానమ్మ పేరున ఉన్న కార్ఖానా కార్డు మీదే పోయేవి. రేషన్ కార్డులో, ఓటర్ల లిస్టులో ఆమె పేరు ఉండే ఉంటుంది. అవి తాత ట్రంకు పెట్టెలో ఉండేవి, వాటిని చదివేదెవరు?

ఆమెకు పిల్లలు లేరు. నన్ను దగ్గరికి తీసింది. సర్వపిండి కాల్చినప్పుడు అంచు నాకే. గిన్నెకు అంటుకుని కరకరలాడే ఆ అంచు కోసం మా తమ్ముడితో ఎన్ని కొట్లాటలు పెట్టుకున్నానో! ఆమె మాత్రం కొంగు చాటున ఉంచి నాకే ఇచ్చేది. నాకు చదువు వచ్చని ఆమెకు పెద్ద గొప్ప. "మా పిల్ల ఇంగ్లీషు సుత చదువుతది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నాకు తల తిరిగిపోయింది. ఆరో తరగతికే వాడకు నేనే మున్షీని అనుకునేదాన్ని.

దుబాయి ఉత్తరాలు చదివేది నేనే మరి. పెద్దబాపు ఉత్తరం తాత పేరు మీద వచ్చేది. తాత మగ్గం గుంటలోంచి లేచి అరుగు మీద కూర్చునేవాడు, నేను నిలబడి చదవాలి. "తండ్రిగారికి మీ కుమారుడు నమస్కరించి వ్రాయునది, నేను ఇచ్చట క్షేమం, అచ్చట మీరందరు క్షేమమని తలుస్తాను" అని మొదలయ్యేది. నాన్నకు దండాలు, అవ్వకు దండాలు, తమ్మునికి దీవెనలు, పిల్లలకు ముద్దులు. పక్కింటి బర్రె ఈనిందా అని కూడా అడిగేవాడు. పెద్దమ్మ తలుపు వెనక నిలబడి వినేది. నేను ఉత్తరం మడిచాక తలుపు సందులోంచి నెమ్మదిగా అడిగేది.

"గంతేనా బిడ్డా? ఇంకేం లేదా?"

గంతే పెద్దమ్మా, అనేదాన్ని. ఒకసారి జాలి పుట్టి, చివర నేనే ఒక ముక్క కలిపాను. "మల్లాపూర్ పెద్దమ్మను అడిగినట్టు చెప్పగలరు" అని గంభీరంగా చదివాను. తాత నా వైపు అదోలా చూశాడు. ఆ పూట పెద్దమ్మ బీడీలు చేస్తూ ఏదో పాట కూనిరాగం తీసింది. దొరికిపోయానేమోనని భయమేసి, మళ్ళీ కలపలేదు.

ఒక ఉత్తరంలో పెద్దబాపు, తమ మేస్త్రీ మిస్ర్ దేశంవాడని, మంచివాడని రాశాడు. అక్కడివాళ్ళు మన దేశాన్ని హింద్ అంటారని, తనను పేరు పెట్టి పిలవకుండా "హిందీ, ఇటు రా" అంటారని కూడా రాశాడు. నేను బడి అట్లాసు ముందేసుకుని మిస్ర్ కోసం వెతికాను. ఎక్కడా లేదు. మర్నాడు బళ్ళో సారును అడిగాను.

"గది ఈజిప్టు పిల్లా," అన్నాడాయన. "ఈజిప్టు అన్నది బయటోల్లు పెట్టిన పేరు. వాళ్ళింట్ల వాళ్ళు మిస్ర్ అనే అనుకుంటరు. మనది సుత గంతే. పడమటి దిక్కుకెళ్ళి వచ్చినోల్లకు మొదలు సింధు నది అడ్డం వచ్చింది. వాళ్ళ నోట్లె అది హింద్ అయింది, ఇంకా అటు పోయి ఇండియా అయింది. మనింట్ల మనం భారతదేశం అనుకుంటున్నం. ఇంట్ల పేరు ఇంట్లోళ్ళకే ఎరుక."

ఇంటికి వచ్చి ఈ పాండిత్యమంతా పెద్దమ్మ ముందు కుమ్మరించాను. ఆమె ఆకు కత్తిరిస్తూ వింది. ఎంత శ్రద్ధగా విందంటే కత్తెర ఆగిపోయింది.

"నిజమే బిడ్డా," అంది. "మల్లాపూర్ల నన్ను మల్లాపూర్ అని ఎవలంటరు? ఆడ అందరు మల్లాపూరోల్లేనాయె."

"మరి ఏమంటరు పెద్దమ్మా?"

ఆమె నవ్వింది. పదేళ్ళలో ఎవరూ అడగనిది అడిగితే మనిషి ముఖంలోకి ఎట్లాంటి నవ్వు వస్తుందో, అది. చేతిలో ఆకు పక్కన పెట్టి, ఒళ్ళో చాట సర్దుకుని, చెప్పడానికి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే వాడ మొదట్లో ఐస్ బండి గంట మోగింది. నేను జవాబు వినకుండా ఉరికాను. తిరిగొచ్చేసరికి నాలుక ఎర్రగా అయింది, ప్రశ్న మరిచిపోయాను. ఆమె కూడా మళ్ళీ ఎత్తలేదు.

అది ఎండాకాలం. ఆ నెలలోనే, పోస్టాయన వచ్చినప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. తాత తమ్ముణ్ణి తీసుకుని మందుల కోసం బజారుకు పోయాడు. అమ్మ, పెద్దమ్మ, నానమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయారు. నేను అరుగు మీద అష్టాచెమ్మా గీసుకుని పెగడపల్లామె కూతురితో ఆడుతున్నాను. గెలుస్తున్నాను కూడా, అది బాగా గుర్తు.

పోస్టాయన సైకిల్ ఆపి ఒక కవరు చూపించాడు. దుబాయి వైపు కవరే. మా వాడలో అట్లాంటివి వారానికి నాలుగు వచ్చేవి. దాని మీద ఇంగ్లీషులో ఒక ఆడమనిషి పేరు, కింద మా వాడ పేరు, దాని కింద కోరుట్ల. భర్త పేరు లేదు, ఇంటి నంబరు లేదు.

"గీ పేరుగల్లామె ఎవలు పిల్లా? మీ వాడల ఉన్నదా?"

నేను పేరు కూడబలుక్కుని చదివాను. మంచి పేరు. బళ్ళో పిల్లలకు ఉండేలాంటి పేరు. మా వాడ ఆడవాళ్ళను మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా మనసులో వరసగా తలుచుకున్నాను. జగిత్యాలామె, పెగడపల్లామె, సిరిసిల్లామెలు, మెట్‌పల్లామె, మల్లాపూరామె. ఆ పేరు ఎవరికీ లేదు.

"గీ పేరుగల్లోల్లు మా వాడల ఎవ్వల్లేరు," అన్నాను.

"మీ ఇంట్ల గిట్ల ఎవలన్న?"

"మా ఇంట్ల నాకు తెల్వదా? ఎవ్వల్లేరు. ఎట్లాగూ ఎవల్లేరు గద, గా స్టాంపు నాకియ్యరాదూ?"

ఆయన నవ్వి, స్టాంపు ఇవ్వకూడదన్నాడు. ఇంకో రెండు ఇళ్ళ ముందు ఆగి ముసలమ్మలను అడిగాడు. వాళ్ళూ తల అడ్డంగా ఊపారు. చదువుకున్న పిల్ల చెప్పనే చెప్పింది కదా. సైకిల్ సీటు మీద కవరు పెట్టుకుని దాని మీద ఏదో రాసుకున్నాడు, గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నేను ఆటకు తిరిగి వచ్చి గెలిచాను. ఆ సంగతి ఇంట్లో చెప్పేంత పెద్దదని కూడా అనిపించలేదు.

తర్వాత పెద్దబాపు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, తాత పేరు మీద. ఇంకో రెండేళ్ళు ఉంటున్నానని రాశాడు. తాత మంచిదన్నాడు. పెద్దమ్మ తలుపు వెనక నుంచి "గంతేనా" అని అడగడం మానేసింది. నేను ఎదిగి ఎనిమిదో తరగతికి వచ్చాను. ఎనిమిదిలో ఉండగానే ఒక పొద్దున ఫోన్లు ఉన్న దుకాణం నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. పెద్దబాపు పని మీద ఎండలో నిలబడి నిలబడి పడిపోయాడట. మళ్ళీ లేవలేదట.

శవం రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా ఇంట్లో ఎవరు ఏడ్చినా మధ్యలో ఆగిపోయి వాకిలి వైపు చూసేవాళ్ళు. ఏడుపును కూడా ఆయన వచ్చేదాకా దాచుకోవలసి వచ్చింది. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను. మా తాత మళ్ళీ మగ్గం గుంటలో కాలు పెట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, పెద్దబాపుతో ఒకే రూములో ఉన్న పెగడపల్లి ఆయన ఒకరు సెలవు మీద వస్తూ ఆయన పెట్టె తెచ్చాడు. తాత అరుగు మీద తెరిచాడు. పైకి సబ్బుల వాసన గుప్పుమని వచ్చింది. రెండు కంబళ్ళు, టార్చిలైటు, అత్తరు సీసా, మా తమ్ముడికని కొన్న బూట్లు ఉన్నాయి. ఆ బూట్లు అప్పటికి వాడి కాళ్ళకు పట్టవు. అట్టడుగున, బట్టల కింద, ఒక కవరు దొరికింది. తాత దాన్ని నా చేతికిచ్చాడు. ఉత్తరాలు చదివేది నేనే కదా.

కవరును నేను వెంటనే గుర్తుపట్టాను. ముందు స్టాంపును గుర్తుపట్టాను.

"ఎవల పేరు మీదున్నది పిల్లా?" అన్నాడు తాత.

పేరు చదివాను. వినపడలేదని మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. నానమ్మ, "గదెవలు? ఎవలిదో ఉత్తరం వీని పెట్టెల పడ్డట్టున్నది" అంది. మా అమ్మ తల దించుకుంది. ఆమెకు తెలుసేమో, నేను అడగలేదు.

తలుపు వెనక నుంచి పెద్దమ్మ బయటికి వచ్చింది. మామ ముందుకు ఆమె అట్లా రావడం నేను చూడటం అదే మొదలు.

"నాది," అంది. "గది నా పేరు."

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది. "నాకొక్కదానికే చదువు బిడ్డా. మెల్లగ చదువు" అంది.

నేను కవరు చింపి చదివాను. ఆ ఉత్తరం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"నేను పోయేనాడు నువ్వడిగినవు, నా పేరు మీద ఒక్క ఉత్తరమన్న రాయుమని. నేను నవ్విన. ఇప్పుడు రాస్తున్న. నాయిన పేరు పెడితే నాయిన చేతికే పోతది, గందుకే దోస్తుతోని ఉత్త నీ పేరే రాయించిన. పోస్టాయన నీ చేతికే ఇస్తడు. మన చిన్నదానితోని చదివించుకో, అది తెలివిగల్లది, ఎవలకు చెప్పది. ఇక్కడ కంపెనోల్లు ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టుమంటున్నరు. పెట్టకుంటే టికెటిచ్చి పంపుతరట. నాకు రావాలనే ఉన్నది. ఎండకు ఆగలేకపోతున్న. నాయిననడిగితే ఉండుమనే అంటడు. నువ్వు రమ్మంటే వస్త, ఉండుమంటే ఉంట. గీ ఒక్కటి నువ్వు చెప్పాలె. రంజాన్ దాకా ఆగుతమన్నరు. ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేటోల్లు లేరు, అందరికి హిందీనే. నీ పేరు రాయించేటప్పుడు దోస్తుకు నా నోటితోని బయటికే చెప్పిన. మంచిగనిపించింది."

పెద్దమ్మ ఏడవలేదు. ఇంకోసారి చదవమంది. చదివాను. తర్వాత అడిగింది, "గా రంజాన్ ఎప్పుడు పోయింది?"

"రెండు రంజాన్లు పోయినయి పెద్దమ్మా."

ఆమె కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. పోస్టాయన రాసిన గీతల మీద వేలు పెట్టి, "గిదేంది?" అంది.

"ఈ పేరు గలవారు ఇక్కడ లేరు, అని రాసిండ్రు."

"ఎవలు చెప్పిండ్రట?"

చెప్పొచ్చు. అప్పుడే చెప్పొచ్చు. పదమూడేళ్ళ దాన్ని, చెప్పడం తెలియని వయసు కాదు. నేను కిటికీ వైపు చూస్తూ "నాకు తెల్వది" అన్నాను. ఆమె ఉత్తరాన్ని మడిచి జాకెట్టులో పెట్టుకుని బయటికి పోయి, ఆగిపోయిన బీడీల పని అందుకుంది. ఆ ఏడు తిరిగేలోపు ఆమె తమ్ముడు మల్లాపూర్ నుంచి వచ్చి తీసుకుపోయాడు. పోతుంటే నన్ను ఎత్తుకోబోయింది. నేను పెద్దదాన్నయిపోయానని గుర్తొచ్చి తల నిమిరింది.

చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది. తంగళ్ళపల్లికి కోడలిగా పోయాను, అక్కడ కోరుట్లామెను అయ్యాను. మొదటిసారి మా అత్త "కోరుట్లా, జర నీళ్ళు తేరాదూ" అని పిలిచిన రోజు, బిందె దగ్గర నిలబడి చాలాసేపు ఏడ్చాను. కొత్త కోడలికి పుట్టింటి మీద బెంగ అనుకున్నారు. నేను ఆ సంతకం గురించి, నేను గెలిచిన ఆ అష్టాచెమ్మా గురించి ఏడుస్తున్నానని వాళ్ళకెట్లా తెలుస్తుంది?

మల్లాపూర్‌కు పోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. దూరం ఎంతని! కోరుట్లలో బస్సెక్కితే గంట కూడా పట్టదు. పోవాలని అనుకోవడం, ఏదో ఒక సాకు పెట్టుకోవడం, ఇట్లాగే గడిచింది. చివరికి ఆ ఊరి బడికే బదిలీ అయితే ఇక తప్పించుకోలేకపోయాను. బస్టాండులో దిగి, మల్లాపూర్ పెద్దమ్మ ఇల్లెక్కడ అని అడగబోయి ఆగిపోయాను. ఆ ఊళ్ళో ఆ మాటకు అర్థమే లేదు. పేరు చెప్పి అడగాలి. నా నోటితో ఆమె పేరు పలకడం, కవరు మీద చదివింది తీసేస్తే, అదే మొదటిసారి. చాయ్ హోటల్లో ఉన్నవాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. నలుగురు నాలుగు వైపుల నుంచి దారి చూపించారు.

పసుపు తవ్వే కాలం. ఊరంతా పసుపు ఉడికే వాసన. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని మక్క కంకులు ఒలుస్తోంది. జుట్టంతా తెల్లబడింది. ఇంట్లోవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూ ఆమెను పిలుస్తూనే ఉన్నారు, ఆ పేరుకే అక్క అని, అత్త అని, అవ్వ అని కలిపి. పేరు వినపడినప్పుడల్లా ఆమె ఎంత తేలిగ్గా తలెత్తుతోందో చూస్తూ నేను కూర్చున్నాను. టీ తాగాక, దగ్గర ఎవరూ లేనప్పుడు చెప్పాను.

"పెద్దమ్మా, గా ఉత్తరం వచ్చిననాడు పోస్టాయనకు లేరని చెప్పింది నేనే."

ఆమె కంకి ఒలవడం ఆపలేదు. "ఎరుకే బిడ్డా."

"ఎవలు చెప్పిండ్రు?"

"నువ్వే చెప్పినవ్. తెల్వదన్నప్పుడు నా మొఖం దిక్కు చూడలే."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఉద్యోగం చేస్తున్న ఆడదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, వాకిట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆమె ఆగమని అనలేదు. నా ఏడుపు తగ్గేదాకా గింజలు ఒలిచి, అప్పుడంది.

"నువ్వు అబద్ధమేం చెప్పలేదు. గా పేరుగల్లది గా ఇంట్ల ఎన్నడున్నది?"

"నా మీద కోపం రాలేదా పెద్దమ్మా?"

"వచ్చింది. ఎందుకు రాదు? చిన్నపిల్లవు, నీకేం ఎరుక అని నాకు నేనే చెప్పుకున్న." ఇంకో కంకి అందుకుని, "ఇంకా జరంత ఉన్నది" అంది. అని, లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది.

ఆ బళ్ళో ఉన్న నాలుగేళ్ళూ వారానికొకసారైనా ఆమె దగ్గరికి పోయేదాన్ని. ఆ సంగతి మళ్ళీ ఎత్తుకోలేదు. ఆ "జరంత" తగ్గిందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం నాకు రాలేదు.

పోయిన ఏడు వానాకాలంలో ఆమె పోయింది. మట్టికి, అంటే అంత్యక్రియలకు, పోయి వచ్చిన మర్నాడు కోరుట్ల నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పెద్దమ్మకు మన వాడల ఫ్లెక్సీ పెడ్తున్నం. ఎంతైనా మనింటి మనిషి గద. ఫొటో దొరికింది. పెద్దమ్మ పేరేంది?"

అక్షరం అక్షరం చెప్పాను. రాసుకున్నది తిరిగి చదవమన్నాను. ఒక దీర్ఘం తప్పు పోతే దిద్దించాను. ఇంటిపేరు మనదే వెయ్యాలా అని అడిగాడు. ఏమీ వద్దు, ఒట్టి పేరు చాలు, పెద్ద అక్షరాలతో వేయించమన్నాను.

పదకొండో రోజు కోరుట్ల పోయాను. వాడ మూలమీద కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫొటో కింద ఆమె పేరు, నేను చెప్పినట్టే, పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింద చిన్నగా మా తమ్ముడు ఇంకో ముక్క వేయించాడు, "మల్లాపూర్ పెద్దమ్మ" అని. లేకుంటే మన వాడల ఎవలకూ తెల్వదక్కా, అన్నాడు. వాణ్ణి ఏమనను?

చాటలు చంకన పెట్టుకుని కార్ఖానాకు పోయే ఆడవాళ్ళు కొందరు దాని ముందు ఆగారు. చదువు వచ్చిన ఒకామె పైకి చదివింది. పై పేరు చదివినప్పుడు ఎవరి ముఖమూ మారలేదు. ఎవలో ఏమో, అనుకున్నారు. తర్వాత ఆమె కింది ముక్క చదివింది.

"అయ్యో, మల్లాపూరామెనా!" అన్నారందరూ. ఒక ముసలామె అక్కడే, ఆ స్తంభం కింద కూలబడి ఏడ్చింది.